ఏతాం మీద పన్నెండో అడుగు

జరుగు చిన్నీ, ఆ దుప్పటి కాస్త ఇటు లాగు. లాస్యా, నువ్వూ ఇటు తిరగవే. అలా గోడవైపు పడుకుంటే నేను కథ గోడకి చెప్పుకోవాలి. కంచంలో పెట్టింది పెట్టినట్టే వదిలేసి, గ్లాసుడు నిమ్మనీళ్ళు తాగి, పది రోజుల్లో సన్నబడిపోతానని ఫోన్లో ఎవరో చెప్పారన్నావు. సరే, నేనేమన్నా అన్నానా? అనను. నా నోరు ఊరుకోదు కాబట్టి కథ చెప్తాను, అంతే. ఊ కొట్టడానికైనా ఓపికుందా, లేక అదీ మానేశావా?

అనగా అనగా, రాళ్ళు తప్ప ఇంకేమీ కనపడని ఒక ఊళ్ళో, ఒక నుయ్యి ఉండేది. ఊరి పేరు బండమెట్ట. ఏరు లేదు, కాలవ లేదు. వానలు పడ్డన్నాళ్ళు రాతి గుంటల్లో నీళ్ళు నిలిచేవి, వాటితో నెట్టుకొచ్చేవాళ్ళు. శివరాత్రి వెళ్ళిందంటే గుంటలన్నీ ఎండిపోయేవి. ఇక అప్పట్నుంచి మళ్ళీ వాన పడేదాకా మనిషికైనా, గొడ్డుకైనా, చేనుకైనా ఆ ఒక్క నుయ్యే దిక్కు.

ఆ నుయ్యి ఎంత లోతు అనుకున్నారు? పైనుంచి గులకరాయి వేసి, ఇంటికెళ్ళి మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని తిరిగొస్తే అప్పుడు వినిపించేదట, బుడుంగని. తొంగి చూస్తే పట్టపగలు చుక్కలు కనిపించేవి అందులో. చిన్నీ, నోరు మూసుకోవే, దోమలు దూరతాయి.

అంత లోతు నూతికి చేదా తాడూ చాలవు కదా. అందుకని తాతల తాతలు దానికి ఒక ఏతాం కట్టారు. మీకు స్విచ్చి నొక్కితే నీళ్ళు, ఏతాం ఏం తెలుస్తుంది. వినండి. నూతి పక్కన ఒక పెద్ద రాతి స్తంభం. దాని మీద అడ్డంగా ఒక దూలం, పిల్లలు ఆడుకునే ఉయ్యాల బల్ల ఉంటుంది చూడండి, ఒకడు కిందికెళ్తే ఒకడు పైకి లేస్తాడు, అలాగ. దూలం ఒక కొస నూతి మీదికి ఉంటుంది, దానికి తాడు, తాడుకి బాన, అంటే పెద్ద కుండ. మనిషి దూలం ఎక్కి, నూతివైపు నడిస్తే బాన లోపలికి దిగుతుంది. వెనక్కి తిరిగి రెండో కొసవైపు నడిస్తే, మనిషి కిందికి దిగుతుంటే బాన నీళ్ళతో పైకొస్తుంది. కాళ్ళే మోటారు. ఒళ్ళే కరెంటు.

బండమెట్ట దూలం ఏడు తాటిచెట్లు కలిపి చేసింది. ఈ కొసన కేకేస్తే ఆ కొసకి గుసగుసలా చేరేదట. బానలో దూడని నిలబెట్టి స్నానం చేయించొచ్చు. ఆ దూలం మీద వెనక్కి వేయాల్సినవి సరిగ్గా పన్నెండు అడుగులు. పదిమంది ఎక్కితే ఎవడి అడుగు వాడిది, దూలం ఊగిపోయి నీళ్ళన్నీ ఒలికిపోయేవి. అందుకని ఎక్కేది ఒక్కరే. ఆ ఒక్కరినే ఊరంతా ఏతాం తల్లి అనేవాళ్ళు.

ఊ కొడుతున్నారా? చిన్ని కొడుతోంది. రెండోది వినపడలేదు. సరేలే.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. ఆ నూతి అడుగున ఒక భూతం ఉంది. తాతల తాతలు తవ్వుతుంటే గునపం టంగుమని దాని నెత్తికి తగిలిందట. భయంతో అందరూ పైకి పాకబోతే, భూతం ఆగమంది. నేను రాతిలో పుట్టాను, రాతిలో పెరిగాను, తినడానికి నాకు ఇక్కడ ఏమీ లేదు, వేల ఏళ్ళ ఆకలి నాది, నీళ్ళు నా కింద ఉన్నాయి, కావాలంటే తీసుకోండి, బానని కింద నుంచి నేనే ఎత్తి అందిస్తాను, కానీ ఏతాం ఎక్కినవాళ్ళు అడుగు అడుక్కీ తాము తిన్నది ఒకటి నాకు చెప్పాలి, వింటే నా కడుపు నిండుతుంది అంది. ఒక బానకి చెప్పిందే ఆ బానకి మళ్ళీ చెప్తే ఒప్పుకోను, అబద్ధం చెప్తే బాన వదిలేస్తాను అని కూడా అంది. వాళ్ళు సరేనన్నారు.

అప్పట్నుంచి అదే ఆచారం. పొద్దున్నే ఏతాం తల్లి దూలం ఎక్కగానే నూతిలోంచి, భూమి కడుపులోంచి వచ్చినట్టు, ఒక గొంతు వినపడేది. తిన్నావా, అని. అంతే, ఒక్క మాట. ఆ మాటకి నూతి గట్టు మీద చెంబులు కూడా వణికేవి. ఆవిడ తిన్నానని చెప్పి, పాట ఎత్తుకునేది.

"ఒకటో అడుగు ఉప్పు గంజి,
రెండో అడుగు రాగి అంబలి,
మూడో అడుగు ముద్దపప్పు,
నాలుగో అడుగు నువ్వుల పొడి,
ఐదో అడుగు ఆనపకాయ,
ఆరో అడుగు ఆవకాయ,
ఏడో అడుగు ఎండుచేప,
ఎనిమిదో అడుగు ఎర్ర తోటకూర,
తొమ్మిదో అడుగు తాటి బెల్లం,
పదో అడుగు పలచ మజ్జిగ,
పదకొండో అడుగు పచ్చి ఉల్లిపాయ,
పన్నెండో అడుగు అత్త పెట్టిన ముద్ద!"

పన్నెండో అడుగుకి బాన గట్టు మీదికి వచ్చేసేది. మిగతా పదకొండూ రోజుకొకలా మారినా ఆ పన్నెండోది మాత్రం మారేది కాదు. ఏతాం తల్లికి ఇంట్లో ఎవరో ఒకరు చేత్తో కలిపి నోట్లో పెట్టిన ముద్ద అది. అదంటే భూతానికి మహా ఇష్టం.

ఆ కాలంలో ఏతాం తల్లి నూకాలు. కథంతా ఆ పిల్లదే. ఏతాం తొక్కే ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. పుష్టిగా, గుండ్రంగా, నడిస్తే నేల తెలిసేలా ఉండేది. ఆమె అత్త అప్పలనర్సమ్మ ముసలైపోయి, తను తొక్కిన దూలం కోడలికి అప్పజెప్పింది. నూకాలు మొగుడు దాలయ్య గట్టు మీద నిలబడి, వచ్చిన బానని కాలవలోకి వంచేవాడు. నూకాలుకి దూలం మీద ఉంటే ఎంత ఇష్టమో. పన్నెండో అడుగు వేసి వెనక్కి చూస్తే, అంత చీకటిలోంచి అంత నీరు వెలుగులోకి లేచి రావడం ఆ పిల్లకి రోజూ కొత్తగానే ఉండేది. నా కాళ్ళేనా ఇంత పని చేసింది అని తన పాదాలు తనే చూసుకునేది.

అలా ఉండగా ఒక దసరాకి, ఆ దేశపు రాజు, ఆ ఊరి చివర కోటలోనే ఉండే ధర్మలింగ మహారాజు కొలువుకి గాలిస్వామి అని ఒకాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మునక్కాడలా ఉన్నాడు. చేతిలో ఒక బంగారు వలయం. దాన్ని కోట ముందు రెండు గుంజలకి కట్టి, అందరూ చూస్తుండగా ఇటునుంచి దూరి అటు వచ్చేశాడు. ఇందులో దూరగలిగినవాళ్ళే అందగాళ్ళు, మిగతావాళ్ళు సోమరిపోతులు, తిండిపోతులు అన్నాడు. రాజుగారికి బొజ్జ ఉంది పాపం, మోకాళ్ళ నొప్పులు కూడా. ఆయన సిగ్గుపడి, దూరినవాళ్ళకి పట్టుచీర ఇస్తాననీ, తనూ ఎప్పటికైనా దూరతాననీ చాటింపు వేయించాడు.

నూకాలు సరదాగా వెళ్ళింది. తల దూరింది, భుజాలు దూరాయి, నడుం దగ్గర ఇరుక్కుపోయింది. ముందుకు రాదు, వెనక్కి రాదు. ఇద్దరు భటులు ఆముదం రాసి లాగారు. ఊరు ఊరంతా నవ్వింది. ఆ పిల్ల ఎత్తి పోసిన నీళ్ళు తాగే జనమే నవ్వారు. అయినా సరేననుకునేది, కానీ గుంపులో దాలయ్య కూడా నవ్వడం చూసింది. అది మాత్రం గుండెలో పడిపోయింది. ఇంటికొచ్చి, అటక మీద రాగి బిందెలో తన నీడ చూసుకుని, ఇదా నేను అనుకుని ఏడ్చింది. తన పాదాలు చూసి మురిసిపోయిన పిల్ల కదూ, ఆ రోజు ఒళ్ళంతా చూసుకుని అసహ్యపడింది.

మర్నాడే గాలిస్వామి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఉపాయం చెప్పాడు. అన్నం వద్దు, పప్పు వద్దు, కూర వద్దు, పెరుగు వద్దు, పొద్దున నిమ్మనీళ్ళు, మధ్యాహ్నం నిమ్మనీళ్ళు, సాయంత్రం నిమ్మనీళ్ళు. నిమ్మకాయ కొవ్వుని కత్తిలా కోసేస్తుందన్నాడు. లాస్యా, నవ్వుతున్నావా, దగ్గుతున్నావా?

వానాకాలం వెళ్ళి గుంటల నిండా నీళ్ళున్న రోజులు. ఏతానికి పని లేదు. అడిగేవాళ్ళు లేరు. నూకాలు నిమ్మనీళ్ళు మొదలుపెట్టింది. ఆ రోజు అత్త అలవాటు ప్రకారం పప్పన్నంలో నెయ్యేసి, కలిపి, ముద్ద చేసి నోటి దగ్గరికి తెచ్చింది. నూకాలు వద్దంది. ఒక్కటే అంది అత్త. నూకాలు విసుగ్గా చెయ్యి తోసేసింది. ముద్ద నేల మీద పడింది. అప్పలనర్సమ్మ వంగి, ఆ మెతుకులన్నీ ఏరి కాకికి పెట్టి, చెయ్యి కడుక్కుంది. మరి ఎప్పుడూ ముద్ద నోటి దగ్గరికి తేలేదు. వండేది, కంచంలో పెట్టి ముందు ఉంచేది, అంతే.

నిమ్మనీళ్ళతో మూడు వారాలు తిరిగేసరికి నూకాలు కాస్త తగ్గిన మాట నిజమే. నాలుగో వారం ఒకనాడు ఇంట్లో ఎవరూ లేరు. కుండలో చద్దన్నం కనపడింది. కళ్ళు తిరుగుతున్నాయి. నిలబడే, కుండ కుండంతా తినేసింది. మర్నాడు కూడా, ఆ మర్నాడు కూడా. తగ్గిందంతా తిరిగొచ్చింది, ఇంకో పిసరు కలుపుకుని మరీ వచ్చింది. గాలిస్వామి దగ్గరికెళ్తే, నా ఉపాయంలో లోపం లేదు, నీ మనసులోనే లోపం, నీకు నిగ్రహం లేదు అన్నాడు. ఆ పిల్ల నమ్మింది. నాకే లోపం అనుకుంది. ఎంత అన్యాయం చూడండి. ఆకలేసిన ఒళ్ళు అన్నం అడగడం తప్పా?

ఈసారి దోసకాయ చెప్పాడు. దోసకాయ తప్ప ఇంకేమీ ముట్టకూడదు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. తర్వాత ఉలవలు. ఉడకబెట్టిన ఉలవలు, ఉప్పు లేకుండా, పూటకి గుప్పెడు. నూకాలు ఒక్కతేనా, ఊరంతా అదే వెర్రి. కుమ్మరి కుండ చేస్తూ చేస్తూ చక్రం మీదే తల వాల్చేవాడు. చాకలి వీరాసామి రాజుగారి తలపాగా ఇంకొకరింట్లో ఇచ్చి వచ్చాడు. ఇంటింటా కసుర్లు, బుసలు. పలకరిస్తే చాలు కరిచేలా ఉన్నారు జనం. నూకాలు దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. ఎండలో కూర్చున్నా వేళ్ళు చల్లగా ఉండేవి. నెలసరి కూడా తప్పిపోయింది. అది మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

మాఘమాసం వెళ్తుందనగా నూకాలు వలయంలో దూరింది. జర్రున దూరిపోయింది. జనం చప్పట్లు కొట్టారు, రాజుగారు పట్టుచీర ఇచ్చారు. ఆ చీర చేతిలో పట్టుకుంటే బరువుగా అనిపించింది ఆ పిల్లకి. చీర బరువు ఎంతమ్మా? మోయలేక దాలయ్యకిచ్చింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. చలేసింది.

శివరాత్రి వచ్చింది, వెళ్ళింది. గుంటలు ఎండిపోయాయి. చేలల్లో రాగి వెన్నులు పాలు పోసుకునే వేళ, అప్పుడు తడి లేకపోతే ఏడాది తిండి పోయినట్టే. ఊరంతా బిందెలతో నూతి దగ్గర చేరారు, రాజుగారూ గాలిస్వామీ కూడా వచ్చారు. నూకాలు దూలం ఎక్కింది. కింద నుంచి గొంతు వచ్చింది, తిన్నావా అని. ఎన్ని నెలలైందో ఆ మాట విని. ఒకటో అడుగు ఉలవలు, అంది నూకాలు. బాన ఒక మూర లేచింది. రెండో అడుగు... ఏం చెప్పాలి? తిన్నది అదొక్కటే. రెండో అడుగు ముద్దపప్పు, అని అబద్ధం చెప్పింది. దూలం కిర్రుమంది. దభీమని బాన నీళ్ళలో పడ్డ చప్పుడు ఎంతో సేపటికి పైకి వచ్చింది.

గాలిస్వామి ముందుకొచ్చి, ఏముంది, బరువు తగ్గింది కదా, ఆ బరువేదో కట్టుకుంటే సరిపోతుంది అన్నాడు. రాజుగారికి సబబుగానే తోచింది. నాలుగిళ్ళ నుంచి రుబ్బురోళ్ళ పొత్రాలు తెప్పించి నూకాలు నడుంకి తాళ్ళతో కట్టించారు. ఆ పిల్ల కాదనలేదు. తనవల్ల ఊరు ఎండిపోతోందని ఆమె బాధ. నలుగురు ఎత్తితే దూలం మీద నిలబడింది. మొదటి అడుగు వేసింది. రెండో అడుగుకి కళ్ళ ముందు చీకటి. అప్పుడు ఆ భూతం మళ్ళీ మాట్లాడింది. ఈసారి కోపంగా కాదట, జాలిగా అట. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"రాళ్ళొచ్చాయి. మరి మనిషేదీ?"

అంతే. నూకాలు దూలం మీంచి పడిపోయింది. దాలయ్య కింద ఉండి చేతులు చాచాడు కాబట్టి బతికింది. రాళ్ళు ఆమెతో పాటు వాడి మీద పడి భుజం కమిలిపోయింది. తాళ్ళు విప్పుతూ వాడు భోరుమన్నాడు. నేను నవ్వాను కదూ ఆ రోజు అన్నాడు. నవ్వావు అంది నూకాలు. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకి ఐదు నెలలు పట్టింది. చిన్నీ, ఊ. లాస్యా, నువ్వూ కొట్టావా ఇప్పుడు? వినపడిందిలే.

అప్పలనర్సమ్మ కొంగు బిగించి లేచింది. నేరుగా గాలిస్వామి ముందుకు వెళ్ళి, నాయనా, పొద్దున నువ్వేం తిన్నావు అని అడిగింది. ఆయన దాచుకోలేదు. ఏముంది తల్లీ, అన్నం, కందిపప్పు, నెయ్యి, వంకాయ కూర, రెండు వడియాలు, పెరుగు, రోజూ తినేదే అన్నాడు. మరి నిమ్మనీళ్ళు ఎన్నాళ్ళు తాగావంది. నేను తాగలేదు, నాకు అవసరం రాలేదు, నేను చిన్నప్పట్నుంచి ఇలాగే ఉన్నాను అన్నాడు. మీ అమ్మ ఎలా ఉంటుందంది. నాలాగే సన్నగా. అమ్మమ్మ? ఆవిడ ఇంకా సన్నగా, అన్నాడు. అప్పుడు ఆయన మొహంలోనే ఏదో వెలిగింది. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే అప్పుడు వినపడినట్టుంది పాపం. దొంగ కాదే వాడు, మూర్ఖుడు. తన ఒళ్ళు తనకి అమ్మ ఇచ్చిందని తెలియక, అది తన ఘనత అనుకున్నాడు. రాజుగారు తన బొజ్జ వంకా ఆయన నడుం వంకా మార్చి మార్చి చూసి, కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

మరి నీళ్ళెలా? రాజుగారి కోటలో తామరపూల కొలను ఒకటుంది. తలుపులు తెరిపించి, ఇంటికి రెండు బిందెల చొప్పున పంచమన్నారు. ఎంత పొదుపుగా వాడినా పన్నెండు రోజులకి సరి. ఆ పన్నెండు రోజుల్లో నూకాలు లేచి నిలబడాలి. లేకపోతే ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోవడమే.

ఒక్కసారిగా మేపేస్తే బలం వస్తుందా? రాదు. ఎండిన పేగు తట్టుకోలేదు, ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి అప్పలనర్సమ్మకి తెలుసు. మొదటి రెండు రోజులు పలచటి గంజి, గంటకో గరిటె. మూడో రోజు అంబలి. నాలుగో రోజు మెత్తగా ఉడికిన అన్నంలో పెసరకట్టు. తర్వాత కూర, తర్వాత మజ్జిగ. ఊళ్ళో ఒక్కో ఇల్లు ఒక్కోటి తెచ్చింది. ఆ రోజు నవ్వినవాళ్ళే తెచ్చారు. ఒకరు నువ్వులు, ఒకరు గుడ్డు, ఒకరు జామకాయ, ఒకరింట్లో ఏమీ లేక ఉప్పురాళ్ళు తెచ్చారు. నూకాలు అన్నీ తింది. ఏడో రోజుకి వేళ్ళు వెచ్చబడ్డాయి. వెచ్చగా ఉన్న తన వేళ్ళు చెంపకి ఆనించుకుని, ఎంతసేపో అలా కూర్చుండిపోయింది. గంజి వెళ్ళి వెచ్చదనం ఎలా అయిందో, మెతుకు వెళ్ళి అడుగు ఎలా అవుతుందో, ఎవరు చేస్తారో లోపల ఈ పనంతా అని ఆశ్చర్యపోయింది. నాకు డెబ్బై ఆరేళ్ళు, నాకూ తెలీదు. పొద్దున తిన్న ఇడ్లీ ఇప్పుడు మీకు కథ చెప్తోంది. వింత కాదూ?

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటే లోటు. అత్త వండుతోంది, వడ్డిస్తోంది, ముద్ద మాత్రం కలిపి పెట్టడం లేదు. నూకాలుకి అడగాలని ఉంది. తోసేసిన చేతిని మళ్ళీ ఏ మొహంతో పిలుస్తాం? అత్తకీ పెట్టాలనే ఉంది. మళ్ళీ తోసేస్తే, అని భయం. ఒకే వంటింట్లో ఇద్దరూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరిగారు.

పదమూడో రోజు తెల్లారింది. కొలను అడుగంటింది. నూకాలు దూలం ఎక్కింది. ఊరంతా గట్టు చుట్టూ చేరారు. తిన్నావా, అంది భూతం. దాని గొంతు కూడా నీరసించింది. తిన్నాను, అంది నూకాలు. బానని లోపలికి దింపి, వెనక్కి తిరిగింది.

ఒకటో అడుగు ఉప్పు గంజి. రెండో అడుగు రాగి అంబలి. మూడో అడుగు మెత్తటి పప్పు. లోపల ఎక్కడో బాన కదిలింది. నాలుగు నువ్వులు, ఐదు ఆనపకాయ, ఆరు అరటికాయ. దూలం కిర్రుమనలేదు. ఏడు ఎండుచేప, ఎనిమిది ఉడికిన గుడ్డు, తొమ్మిది జామకాయ. నూతిలో నీటి హోరు పైకి పైకి వస్తోంది. పది మజ్జిగ. పదకొండు పచ్చి ఉల్లిపాయ. బాన అంచు కనపడింది, గట్టుకి ఒక్క మూర కింద. నీళ్ళలో సూర్యుడు మెరిశాడు. ఇక పన్నెండో అడుగు.

నూకాలు ఆగిపోయింది.

పన్నెండో అడుగుకి ఆమె దగ్గర ఏమీ లేదు. అబద్ధం చెప్తే మొత్తం పోతుంది. కాలు గాలిలో ఉంది. అప్పుడు మొదటిసారి, సిగ్గు విడిచి, ఊరందరి ముందూ పిలిచింది. అత్తా, ఆకలేస్తోంది, ఒక్క ముద్ద పెట్టవూ, అంది.

పదకొండు అడుగులు నడిచేసరికి దూలం ఆ కొస నేలకి దగ్గరగా వచ్చేస్తుంది కదా. అప్పలనర్సమ్మ కొంగు కింద నుంచి ఒక గిన్నె తీసింది. ఆ ముసలిది, ఐదు నెలలూ రోజూ ముద్ద కలిపి గిన్నెలో పెట్టి కొంగు చాటున దాచుకుని తిరిగింది, అడుగుతుందేమోనని. రోజూ సాయంత్రం కాకికి పెట్టేసేది. ఆ రోజూ తెచ్చింది. మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి పైకి చాచి, నూకాలు నోట్లో పెట్టింది. పప్పన్నం, నెయ్యి, చిటికెడు ఉప్పు. నూకాలు నమిలింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, నోటినిండా అన్నంతో అంది, పన్నెండో అడుగు అత్త పెట్టిన ముద్ద, అని.

అడుగు వేసింది.

భూమి లోపల్నుంచి ఒక నవ్వు వచ్చిందట. ఎవరూ అంతకు ముందు వినలేదు ఆ నవ్వుని. బాన లేచింది. దాలయ్య పట్టుకోబోతే అతని చెయ్యి అక్కర్లేకుండా, దానంతటదే గట్టు మీదికి వచ్చి వంగింది. వెనకే నీరు, నుయ్యి నిండి అంచు దాకా, అంత లోతు నుయ్యి, పగటి చుక్కలన్నిటినీ ఎత్తుకుని పైకి వచ్చి, నిలబడింది. వంగి చేత్తో ముంచుకోవచ్చు. జనం దండం పెట్టడం కూడా మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయారు. రాజుగారు చెప్పులు విడిచారు. నూకాలు దూలం మీంచి తన పాదాల వంక చూసుకుంది, మళ్ళీ.

తర్వాతేముంది, రాగులు పండాయి, అందరూ తిన్నారు. నూకాలు మళ్ళీ గుండ్రంగా అయిందా, కాలేదా అని అడక్కండి, నాకు తెలీదు. ఆమె కూడా మళ్ళీ చూసుకోలేదు, ఎందుకంటే ఆ బంగారు వలయాన్ని అప్పలనర్సమ్మ అడిగి తెచ్చుకుని, వంటింట్లో నీళ్ళ కాగుకి కుదురు చేసుకుంది. రాజుగారికి మాత్రం మోకాళ్ళ నొప్పులు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఆమె ఒక మాట చెప్పింది. మారు వడ్డన తగ్గించుకో బాబూ, పూట మానకు, అన్నీ తిను, రోజూ ఒక గంట పూలతోటలో చిన్న ఏతాం తొక్కు, ఏడాది పట్టనీ అంది. ఏడాది పట్టింది. నడికట్టు రెండు వేళ్ళు బిగిసింది, నొప్పులు తగ్గాయి. గాలిస్వామి ఆ ఊళ్ళోనే ఉండిపోయి, ఏతాం కాలవకి పూడిక తీసే పనిలో కుదిరాడు. మూడు పూటలా తిన్నాడు, సన్నగానే ఉన్నాడు.

ఒళ్ళు అడిగింది ఒళ్ళుకి పెట్టాలమ్మా. లోపల ఎవరో మనకోసం రాత్రీ పగలూ పని చేస్తున్నారు, ఊపిరి తీయిస్తున్నారు, జుట్టు మొలిపిస్తున్నారు, రేపు నువ్వు బడి మెట్లెక్కడానికి ఇప్పట్నుంచే బలం కూడబెడుతున్నారు. వాళ్ళ చేతుల్లో నిమ్మనీళ్ళు పోస్తే ఏం చేస్తారు చెప్పు?

చిన్ని నిద్రపోయింది. నువ్వు పోలేదు. నీ పొట్టలోంచి గుడగుడ ఇందాకట్నుంచి వింటూనే ఉన్నాను, నువ్వు ఊ కొట్టకపోయినా అది కొడుతూనే ఉంది. ఏంటీ? ఏదో గొణిగావు. ముద్ద కలిపి పెట్టమన్నావా? పప్పు వెచ్చబెట్టే ఉంచానే, కొంగు చాటున దాచుకోవడం నాకూ వచ్చు. లే, మెల్లిగా రా, చిన్నది లేస్తుంది. కథ దాని దారిన అది కంచికి వెళ్ళిపోయింది. మనం వంటింటికి వెళ్దాం.